ఒకటిన్నర గీత

శిక్షణ అయిపోయింది.
టీ గ్లాసుల కింద మెత్తబడిన ఫారాలు పంచినారు.
అయిదుకు ఎన్ని మార్కులిస్తారు? ఒక గడి.
భోజనం ఎట్లుంది? ఒక గడి.
ఇంకా ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు?
దానికి ఒకటిన్నర గీత.

నాకు చాలదు సార్. కాగితం తిప్పి రాస్తున్నా.

మూడు రోజులు, అనంతపురంలో,
ఫ్యాను తిరిగినప్పుడల్లా తెర ఊగే హాల్లో
వైకల్యాలు ఇరవై ఒకటి అని చదువుకున్నాం.
నిద్రలో లేపినా వరసగా అప్పజెప్తాను.
ఆ ఇరవై ఒకటిలో ఏ ఒక్కరూ
మాతో కూర్చుని ఉప్మా తినలేదు.

గార్లదిన్నె ఓబులేసుకు పని ఇప్పించింది నేనే.
ఫోన్లు ఎత్తే పని. చూపు అక్కర్లేదని రాసినా.
బస్సు దిగితే పది నిమిషాల నడకని కూడా రాసినా.
ఆ పది నిమిషాల్లో
బండ లేచిపోయిన మురికికాలువ ఒకటుందని
అతని మోకాలు చెప్పింది నాకు.
ఆ దారిన నేనొక్కసారన్నా నడిచుంటే కదా.
రాసుకోండి సార్: నడక.
కళ్ళకు గంతలు కట్టుకుని కాదు, అది ఆట.
ఆయన పక్కన, ఆయన అడుగుకు అడుగు.

ఇంక కుళ్ళాయమ్మ.
వినపడదు, పుట్టినప్పట్నించీ.
మొదటి రోజు ప్రశ్నలన్నీ వాళ్ళమ్మను అడిగినా.
ఏం చదివిందమ్మా, ఏం చేయగలదమ్మా, కోపమొస్తుందా?
ఆ పిల్ల మా ఇద్దరి నోళ్ళనూ మార్చి మార్చి చూస్తా
చున్నీ కొస వేలికి చుట్టుకుంటా ఉండింది.
ఆసక్తి అన్న చోట కుట్టుపని అని రాసినా.
అందరికీ అదే రాస్తాను.
నేను చూడకపోయినా చేయి రాసేస్తుంది.

పదకొండో రోజు గార్మెంట్స్ నుంచి తిరిగొచ్చేసింది.
నా బల్ల మీది కాగితం లాక్కుని
కుట్టుపని మీద అడ్డంగా ఒక కొట్టు,
పక్కన ఒక డబ్బా బొమ్మ,
డబ్బాలో గుండ్రంగా ఏవో.
లడ్లు అనుకున్నా సార్.
టమోటాలు.

నాయన వెంట కక్కలపల్లి మండీలో
క్రేట్ల మధ్య పెరిగిన పిల్ల.
లారీ వెనక నిలబడి ఒక్క చూపు చూస్తే
ఎన్ని క్రేట్లో చెప్పేస్తుంది, వేళ్ళతో.
మూడేండ్లుగా నా ఫైల్లో ఉంది.
మూడేండ్లుగా నేనడగలేదు.

నిన్న సాయంత్రం మీ క్లాసు ఎగ్గొట్టి
ఇద్దరం మండీకి పోయినాం.
పిలిస్తే పలకదు గదా, అన్నాడు యజమాని, నాతో.
పొద్దున మీరు చూపించిన స్లైడులో
దానికి అయిదు జవాబులున్నాయి.
ఒక్కటీ నోట్లోకి రాలేదు.
వెనక్కొచ్చే లారీ కూత ఆమెకెట్ల తెలుస్తుందో
ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

కుళ్ళాయమ్మ సుద్దముక్క తీసుకుని
నేల మీద 214 అని రాసింది.
గుమాస్తా చీటీలో 209.
మళ్ళీ లెక్కబెట్టినారు.
యజమాని నవ్వినాడు. సోమవారం నుంచి రమ్మను,
కూలి మాత్రం సగం, అన్నాడు.

సరే అన్నాను.

సరే అనడం మాకు బాగా వచ్చు సార్.
నెలకు పన్నెండు మందిని చేర్చాల.
పదకొండు దగ్గర ఆగి ఉంది నా లెక్క,
నెలాఖరు.
ఆమె నా పెదాలే చూస్తా ఉంది.
సరే అన్న మాటను
అంత తేలిగ్గా చదవొచ్చని
మీ పాఠంలో లేదు.

బస్టాపులో నేనే అడిగినా, చేతులతో, తప్పుతప్పుగా:
సగం చాలదు, ఇది ఎట్ల చెప్పాల?
చూపించింది.
చేసినా. తప్పు.
నా మణికట్టు పట్టి తిప్పింది. మళ్ళీ తప్పు.
మూడు బస్సులు పోయినాయి.
నాలుగోది వచ్చేలోపల తల ఊపింది,
నవ్వలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి మండీలో
ఆ ఒక్క సైగ చేయాల నేను,
నోటితో కూడా, ఆయనకు వినపడేటట్టు.
చేతులు ఇప్పట్నించే వణుకుతున్నాయి.

మార్కుల గడి ఖాళీగా వదిలినా.
ఉప్మా బాగుంది.